డిగ్రీ అయ్యాక ఏ తలుపు ముందు మూసుకుంటుంది? ట్రైనీ ఉద్యోగం, అప్రెంటిస్‌షిప్, గ్రూప్స్: ఒక పోలిక

పోయిన వారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఐటీ కంపెనీ ఆఫర్ వచ్చింది గానీ రెండేళ్లు మానకూడదని బాండ్ ఉందంట. జాయినింగ్ డేట్ ఇంకా ఇవ్వలేదు. ఈసీఐఎల్ అప్రెంటిస్ లిస్టులో కూడా పేరొచ్చింది. నాన్నేమో గ్రూప్స్ కోచింగ్‌కి అశోక్‌నగర్‌లో రూమ్ చూస్తానంటున్నాడు. ఏం చెయ్యాలె?"

వాడిది ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) బీటెక్. ఈసీఐఎల్ అంటే ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ. ఇల్లు ఉప్పల్‌లో. ఇలాంటి ఫోన్లు నాకు ఏటా జూన్, జూలైల్లో నాలుగైదు వస్తాయి. అడిగేవాళ్లంతా ముందు చెప్పేది ప్యాకేజీ. నేను ప్యాకేజీని మూడో వరసలో పెడతాను. మొదటి ప్రశ్న, ఈ దారి మనకు ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది? రెండోది, మధ్యలో వదిలేస్తే చేతిలో ఏం మిగులుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు చూస్తే చాలామంది ఇళ్లలో జరుగుతున్నది తలకిందుల వ్యవహారం అనిపిస్తుంది. కంపెనీల ఫ్రెషర్ డ్రైవ్‌లు ఆ ఏడాది బ్యాచ్‌కి, మహా అయితే ముందు ఏడాది బ్యాచ్‌కి. అప్రెంటిస్‌షిప్‌కి నోటిఫికేషన్లలో ఈమధ్య పాసైనవాళ్లనే అడుగుతారు, పైగా ఏడాది ఉద్యోగ అనుభవం ఉంటే తీసుకోరు. ప్రభుత్వ రంగ సంస్థల ఇంజినీర్ ట్రైనీ పోస్టులకు జనరల్ అభ్యర్థులకు చాలాచోట్ల 27 ఏళ్ల దగ్గర గీత గీస్తారు. బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పోస్టుకి 30. మన గ్రూప్-1కి? 2024 నోటిఫికేషన్‌కి గరిష్ఠ వయసును 46కి పెంచారు. అంటే అన్నిటికన్నా ఆలస్యంగా మూసుకునే తలుపు గ్రూప్స్‌ది. మనవాళ్లు పిల్లల్ని 22 ఏళ్లకు మొట్టమొదట పంపేది దాని దగ్గరికే. 27కి వెనక్కి వచ్చేసరికి ఫ్రెషర్ తలుపులన్నీ మూసి ఉంటాయి.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. 22 ఏళ్లప్పుడే బాధ్యతలు ఉండవు, చదివే ఓపిక ఉంటుంది, తర్వాత ఇంత తీరిక దొరకదు అంటారు. నిజమే. దాని సంగతి కింద చూద్దాం.

ఐటీ కంపెనీలో ట్రైనీగా చేరడం

హైదరాబాద్‌లో డిగ్రీ అయినవాళ్లకు అన్నిటికన్నా తెలిసిన దారి ఇదే. కంపెనీ తీసుకుంటుంది, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా శిక్షణ ఇస్తుంది, పరీక్షలు పెడుతుంది, ప్రాజెక్టులో వేస్తుంది. ఇన్ఫోసిస్ అయితే మైసూరు క్యాంపస్‌కి పంపుతుంది. కొన్ని కంపెనీలు ఊళ్లోనే, కొన్ని ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో కానిస్తాయి. శిక్షణలో అసెస్‌మెంట్లు పాస్ కాకపోతే ఇంటికి పంపే నిబంధన ఉంటుంది. దాన్ని చాలామంది ఆఫర్ లెటర్‌లో చదవరు.

ప్యాకేజీ లెక్క ఒకసారి వేసుకుందాం. 3.6 లక్షలు అన్నారనుకోండి. నెలకు 30 వేలు అని ఇంట్లో చెప్పేస్తాం. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద ఓ ఏడు వందలు, ఇన్సూరెన్స్ ప్రీమియం ముందే పోతాయి. తర్వాత మన వాటా పీఎఫ్ ఇంకో 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది 25 వేల చుట్టుపక్కల. వేరియబుల్ పే అని, పనితీరును బట్టి ఇచ్చే ఒక ముక్క కలిపి ఉంటే ఇంకా తక్కువ. మాదాపూర్‌లో హాస్టల్, తిండి, రానూపోనూ ఖర్చులు పోగా ఇంటికి ఎంత పంపగలరో ఇప్పుడు లెక్కేయండి. ఇది చాలదని నేను అనడం లేదు, 30 వేలు అనుకుని బైకు ఈఎంఐ పెట్టుకోవద్దంటున్నాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నాకు క్యాంపస్‌లో ఆఫర్ ఇచ్చిన కంపెనీ, పేరెందుకు లెండి, జాయినింగ్ డేట్ ఇవ్వడానికి పదకొండు నెలలు తీసుకుంది. ప్రతి నెలా "వచ్చే క్వార్టర్" అనే మెయిల్. ఆ మెయిల్ చూపించి ఇంట్లో ఊరుకోబెట్టేవాణ్ని. వేరే డ్రైవ్‌లకు పోలేదు, ఎందుకంటే నాకు ఉద్యోగం ఉందిగా! తీరా చేరాక మూడు నెలలు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చున్నాను. నాకు తెలిసి ఈ దారిలో జీతం కన్నా, బాండ్ కన్నా పెద్ద ప్రమాదం ఇదే. తేదీ లేని ఆఫర్‌ని ఆఫర్‌గా లెక్కపెట్టకండి. తేదీ వచ్చేదాకా మిగతా ప్రయత్నాలు ఆపకండి.

ఇక బాండ్. "బాండ్లు కోర్టులో చెల్లవు అన్నా" అని టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు చెబుతారు. అంత తేలిక కాదు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వ బ్యాంకు నియామకానికి అయ్యే ఖర్చు, ఇబ్బంది చూస్తే ఆ మొత్తం అన్యాయం కాదంది. ప్రైవేటు కంపెనీ ఎంత రాస్తే అంతా చెల్లుతుందని దీని అర్థం కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే, అది ఎంత అన్నది కోర్టు చూస్తుంది. కానీ మానేసేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆపేస్తే కోర్టుకి పోయే ఓపిక 23 ఏళ్ల కుర్రాడికి ఎక్కడిది? కాబట్టి సంతకం పెట్టే ముందే మూడు సంగతులు చూసుకోండి. బాండ్ కాలం చేరిన రోజు నుంచా, శిక్షణ ముగిశాక నుంచా? కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గుతుందా, చివరి రోజు దాకా అంతేనా? కంపెనీయే తీసేస్తే కూడా మనమే కట్టాలా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుకుంటాం అంటే మాత్రం లేచి వచ్చేయండి. ప్రొవిజనల్, అన్ని మార్కులూ ఉండే సీఎంఎం మెమో చూసి తిరిగి ఇచ్చేవాళ్లకే చూపించాలి.

బీఎస్సీ, బీసీఏ వాళ్లకు ఇందులోనే ఇంకో రకం ఉంది. విప్రో విల్ప్ లాంటి పథకాల్లో స్టైపెండ్ ఇస్తూ, పనిచేస్తుండగానే కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదివిస్తారు. ఐదేళ్ల ఒప్పందం. ఐదేళ్లు అనగానే బెదిరిపోతారు గానీ, ఇంట్లో ఎంసీఏ ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లకు ఇది మంచి బేరమే అని నా లెక్క. చదువు ఖర్చు ఎలాగూ ఎవరో ఒకరు పెట్టాలి కదా.

మధ్యలో వదిలేస్తే ఏం మిగులుతుంది? ఏడాదిన్నర ప్రాజెక్టులో నిజంగా పనిచేసి ఉంటే చాలా మిగులుతుంది. బెంచ్ మీద గడిస్తే పేస్లిప్పులు మిగులుతాయి. అవీ పనికొస్తాయి, కొట్టిపారేయకండి.

అప్రెంటిస్‌షిప్: తక్కువ డబ్బు, ఎక్కువ అపార్థం

ఈ నగరం కంపెనీలు అనగానే హైటెక్ సిటీ అనుకుంటుంది. అంతకు ముందు నుంచే ఇటు రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, కంచన్‌బాగ్‌లో బీడీఎల్, మిధాని, అటు చర్లపల్లి వైపు ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. మనం ఓటేసే ఈవీఎంలు తయారుచేసేది రెండే సంస్థలు, అందులో ఒకటి ఈసీఐఎల్. ఇలాంటి సంస్థలు నాట్స్ అనే జాతీయ అప్రెంటిస్ పథకం కింద పట్టభద్రుల్ని ఏడాది పాటు తీసుకుంటాయి. ఎంపిక చాలాచోట్ల డిగ్రీ మార్కుల మెరిట్ మీదే, రాత పరీక్ష ఉండదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం దీనికి ఆధారం. డిగ్రీ వాళ్లలో ముందు ఇంజినీర్లకే అయినా 2014 సవరణ తర్వాత మామూలు డిగ్రీ వాళ్లకూ వర్తిస్తుంది. బీకాం, బీఏ వాళ్లు నాట్స్ పోర్టల్ తెరిచి చూడనే చూడరు.

2019 నిబంధనల్లో పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. అందులో సగం ప్రభుత్వం భరిస్తుంది. మీరు దరఖాస్తు చేసేనాటికి ఎంత ఉందో ఆ నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఈ కనీస మొత్తాన్ని అప్పుడప్పుడూ సవరిస్తుంటారు. ఎంత సవరించినా హాస్టల్ ఖర్చుకీ బస్ పాస్‌కీ సరిపోతుంది, అంతే. అందుకే దీన్ని ఇల్లు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒకలా, నల్గొండ నుంచో సిద్దిపేట నుంచో రావాల్సినవాళ్లకు ఒకలా చెబుతాను. గది అద్దె కట్టుకుంటూ అప్రెంటిస్ చేయడమంటే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని పనిచేయడమే.

అపార్థం ఎక్కడంటే, "ఈసీఐఎల్‌లో ఉద్యోగం వచ్చింది" అని చుట్టాలకు స్వీట్లు పంచేస్తారు. అప్రెంటిస్ ఉద్యోగి కాదు. చట్టమే ట్రైనీ అంటుంది. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు, అది ఆ సంస్థ ఇష్టం. మరి ఎందుకు చేయాలి? ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వాళ్లకు కాలేజీ ల్యాబుల్లో కనిపించనివన్నీ అక్కడ కనిపిస్తాయి. టెస్ట్ బెంచ్ మీద బోర్డు పాడైతే ఎక్కడ మొదలుపెట్టాలి, డ్రాయింగ్ ఎలా చదవాలి, ఇన్‌స్పెక్షన్‌లో ఎందుకు రిజెక్ట్ చేస్తారు. మామూలు కాలేజీ నుంచి వచ్చి కోర్ బ్రాంచ్‌లో ఉండాలనుకునేవాళ్లకు ఆ ఏడాది విలువ నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు కళ్లారా చూశాను. ఫైనలియర్ ప్రాజెక్టు గురించి అడిగితే నీళ్లు నమిలే కుర్రాళ్ల మధ్య, అప్రెంటిస్ చేసినవాడు చేతులు తిప్పుతూ మాట్లాడతాడు. అయితే కొన్ని విభాగాల్లో ఏడాదంతా ఫైళ్లు, జిరాక్సులతోనే గడిచిపోతుంది. అంతకు ముందు బ్యాచ్ వాళ్లను అడిగి తెలుసుకోవడమొక్కటే మార్గం.

2024 అక్టోబర్‌లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా ఇలాంటిదే. పైలట్‌లో 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, ఏడాది పాటు, నెలకు 5,000. ఉద్యోగంలో గానీ ఫుల్‌టైమ్ చదువులో గానీ ఉంటే అర్హత లేదు. ఇంకే దారీ దొరక్కపోతే, అదీ ఇంటి నుంచి వెళ్లి రాగలిగితే చూడండి.

గేట్, బ్యాంకు

ఈసీఐఎల్ అప్రెంటిస్‌కీ, ప్రభుత్వ రంగ సంస్థలో గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీకీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. పేరులో ట్రైనీ ఉన్నా ఇది అసలైన ఉద్యోగం, శిక్షణ కాలం కూడా సర్వీసులోనే. ఎన్‌టీపీసీ లాంటివి ఇంజినీర్లు రాసే జాతీయ పరీక్ష గేట్‌లో స్కోరు చూసి పిలుస్తాయి, కొన్ని సొంతంగా పరీక్ష పెడతాయి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ పరీక్షలో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం రాకపోయినా ఎంటెక్ సీటు, నెలకు 12,400 స్టైపెండ్ అనే రెండో మెట్టు ఉంది. ఇంజినీర్ ఒక ఏడాది పూర్తిగా చదువుకే పెట్టాలనుకుంటే గ్రూప్స్ కన్నా ముందు దీనికి పెట్టమంటాను. సంవత్సరం నీళ్లపాలు కాదు.

బ్యాంక్ పీవో ఏ డిగ్రీ వాళ్లయినా రాయొచ్చు. ఐబీపీఎస్, ఎస్‌బీఐ ఏటా నోటిఫికేషన్ ఇవ్వడం దాని పెద్ద బలం. ఈ ఏడాది పోతే వచ్చే ఏడాది ఉంటుందని తెలిసి చదవడం వేరు. ఎస్‌బీఐ పీవోలకు మూడేళ్లకు 2 లక్షల బాండ్ ఉంటుంది, ప్రొబేషన్ రెండేళ్లు. కొన్ని ప్రైవేటు బ్యాంకులు విద్యాసంస్థలతో కలిసి నడిపే కోర్సులు మాత్రం వేరే కథ. శిక్షణ ఫీజు మనమే కట్టాలి, దానికి లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారు, ఉద్యోగంలో చేరాక జీతంలోంచి కట్టుకోవాలి. చేరిన ఆర్నెల్లకు సేల్స్ టార్గెట్లు పడక మానేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ఉద్యోగం పోయింది, ఈఎంఐ మిగిలింది.

అశోక్‌నగర్ గది

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున ఒకసారి నిలబడి చూడండి. గేటు తీయకముందే బ్యాగులు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఉంటారు. ఐదు రూపాయల భోజనంతో మధ్యాహ్నం వెళ్లదీసి, రాత్రి ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే గదికి చేరతారు. వాళ్ల కష్టాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. నేను లెక్క చూపేది పరీక్ష నడిచే తీరు గురించి.

తెలంగాణ తొలి గ్రూప్-1 కథే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబర్‌లో ప్రిలిమ్స్. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఫలితాలపై మళ్లీ కోర్టు. ఎంపికైనవాళ్లు నియామక పత్రాలు అందుకున్నది 2025 సెప్టెంబర్ చివర్లో. మొదటి నోటిఫికేషన్‌నాడు 22 ఏళ్లున్న కుర్రాడికి అప్పటికి 25 దాటాయి. అది కూడా గెలిచినవాడి సంగతి.

గెలవనివాడి చేతిలో ఏం మిగులుతుంది? పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర మీద మంచి పట్టు. దాన్ని ఏ ప్రైవేటు ఇంటర్వ్యూలోనూ అడగరు. అయితే గ్రూప్-2, గ్రూప్-3, ఎస్‌ఐ పరీక్షలకు ఆ చదువులో చాలా భాగం పనికొస్తుంది కాబట్టి పూర్తిగా వృథా అనను. నా సలహా ఇలా ఉంటుంది. ఇంట్లో రెండేళ్లు డబ్బు పంపగలరా, నిజంగా? పంపగలిగితే వెళ్లండి, కానీ ఏ నెలలో ఆపేస్తారో ముందే కాగితం మీద రాసుకుని ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. పంపలేకపోతే ముందు ఏదైనా ఉద్యోగం, ఆ తర్వాత ఆదా చేసిన డబ్బుతో సెలవు పెట్టి చదవడం. వయసు పరిమితికి ఇంకా టైముంది. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమన్నది నిజమే గానీ, తేదీ ఎప్పుడో తెలియని పరీక్షకు ఖాళీగా కూర్చుని చదవడంలో ఉండే టెన్షన్ తక్కువేం కాదు.

అమీర్‌పేట కోర్సు

అక్కడి కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయడం. ఖర్చు మనదే, గ్యారంటీ ఎవరిదీ కాదు. అయినా నేను దీన్ని వద్దనను. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మంచి ఫ్యాకల్టీ ఉన్నారు. రెండు మూడు రోజులు డెమో క్లాసులు ఉచితంగా విననిస్తారు, నలుగురివి విని ఎంచుకోవచ్చు. నేను చేరిన కంపెనీ బెంచ్ మీద నేర్పనిది ఆ పదకొండు నెలల ఖాళీలో అక్కడే నేర్చుకున్నాను. కోర్సు చేస్తూనే దరఖాస్తులు పెట్టాలి, కోర్సు అయ్యాక పెడదామనుకుంటే బ్యాచ్ వయసు దాటిపోతుంది.

పెట్టకూడనిది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. "మూడేళ్లు పెట్టేద్దాం, అందరూ పెడుతున్నారు" అనే కన్సల్టెన్సీలు వీధికొకటి. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మీద సర్వీస్ హిస్టరీ చూస్తున్నాయి. చేరిన ఏడాదికి దొరికినా ఆ రోజే బయటికి పంపేస్తారు, తర్వాత ఆ ఏడాది కూడా చెప్పుకోలేరు. బ్యాక్‌డోర్ అని లక్షలు అడిగేవాళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, పేపర్లో వారానికో కేసు వస్తూనే ఉంది.

ఇంజినీరింగ్ కానివాళ్లకు

బీకాం వాళ్లకు సీఏ ఉంది. 55 శాతం మార్కులతో కామర్స్ డిగ్రీ ఉంటే ఫౌండేషన్ రాయకుండానే నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు, మిగతా డిగ్రీల వాళ్లకు 60 శాతం కావాలి. సీఏ దగ్గర శిక్షణగా చేసే ఆర్టికల్‌షిప్ 2023 నుంచి మూడేళ్లకు బదులు రెండేళ్లే. సీఏ పూర్తికాకపోయినా ఆర్టికల్‌షిప్ చేసినవాళ్లకు అకౌంట్స్, జీఎస్టీ పని దొరుకుతుంది. మధ్యలో వదిలినా చేతిలో బాగా మిగిలే దారుల్లో ఇది ఒకటి.

బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ), ప్రొడక్షన్ ట్రైనీ పోస్టులు. మొదటి ఏడాది షిఫ్టులు, రసాయనాల వాసన భరించాలి. వీలైతే ప్రొడక్షన్ కన్నా క్యూసీ వైపు వెళ్లండి, అక్కడ పరికరాల మీద చేసిన పని తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్తుంది. లైఫ్ సైన్సెస్ వాళ్లు ఎక్కువగా మెడికల్ కోడింగ్‌కి, అంటే వైద్య రికార్డుల్లోని జబ్బులు, చికిత్సలకు కోడ్‌లు వేసే పనికి పోతున్నారు. సీపీసీ లాంటి సర్టిఫికేషన్ లేకుండా అక్కడ ఎదుగుదల కష్టం.

టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్ హైదరాబాద్‌లోనూ ఉంది, ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు పల్లెల్లో. బీఏ, బీకాం వాళ్లు వీటిని సమాజ సేవ అనుకుని పక్కన పెట్టేస్తారు. నలభై మంది పిల్లల్ని రెండేళ్లు అదుపులో పెట్టినవాళ్లకు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మా వాడికి చెప్పింది

ఐటీ ఆఫర్‌కి తేదీ లేదు, కాబట్టి దాన్ని ప్రస్తుతానికి సున్నా కింద వేసుకోమన్నాను. గ్రూప్స్ ఎక్కడికీ పోదు. ఏడాది ఏదైనా ఉద్యోగం చేశాక అప్రెంటిస్ అవుదామంటే కుదరదు, ఇప్పుడైతేనే కుదురుతుంది. ఉప్పల్ నుంచి ఈసీఐఎల్‌కి బస్సు మారకుండా వెళ్లొచ్చు, గది అద్దె లేదు, వాడికి సర్క్యూట్లంటే ఇష్టం. అప్రెంటిస్‌లో చేరి, సాయంత్రాలు గేట్ చదివి ఫిబ్రవరిలో రాయమన్నాను. మధ్యలో ఐటీ కంపెనీ తేదీ పంపితే, అప్పటికి అప్రెంటిస్ ఎన్ని నెలలు మిగిలి ఉందో చూసి మాట్లాడుకుందామన్నాను. మూడు నెలలే అయి ఉంటే వెళ్లిపోవచ్చు, తొమ్మిది నెలలు అయి ఉంటే సర్టిఫికెట్ వదులుకోవడం నాకిష్టం లేదు. గది అద్దె కట్టాల్సిన కుర్రాడైతే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాదు, తేదీ ఉన్న చిన్న కంపెనీ ఏదైనా చూసుకోమనేవాణ్ని.

"అంతా బానే ఉంది మామా, నాన్నకెవరు చెప్తారు?" అన్నాడు.

ఆదివారం ఉప్పల్ వస్తానని బావకి మెసేజ్ పెట్టాను. అశోక్‌నగర్ రూమ్‌కి అడ్వాన్స్ ఇంకా కట్టలేదట.